లేబుల్ మీద ఉన్నదే లోపల

కుర్చీ కాస్త ఇటు లాక్కోండి. టేబుల్ లైటు వెలుతురు మీ భుజం మీదుగా పడితే బల్ల మీద పని బాగా కనిపిస్తుంది. సికింద్రాబాద్‌లో మా ఇంటి వెనక గది ఇది. కిటికీ తెరిచే ఉంది. సోల్డరింగ్ పొగ నిలవకుండా ఫ్యాన్ మొహం బయటికి తిప్పాం. మా అక్క కొడుకు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, పసుపురంగు క్యాసెట్ ఒకటి పట్టుకుని దాని అంచు వెంట పాత ఏటీఎం కార్డు దూరుస్తున్నాడు. స్క్రూలు లేవు దీనికి. లోపల ప్లాస్టిక్ కొక్కేలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. తొందరపడితే విరుగుతాయి.

టక్‌మంది. ఇంకోసారి టక్‌మంది. పెంకులు రెండూ విడిపోయాయి.

లోపలికి చూడండి. అరచేయంత డబ్బాలో బోర్డు సగం కూడా లేదు. మధ్యలో నల్లటి ఎపాక్సీ బొట్టు, దాని కింద చిప్పు. అంతే, మిగతాదంతా ఖాళీ. పైన లేబుల్ మీద మాత్రం '9999999 ఇన్ 1' అని ఉంది, పక్కన తుపాకీ పట్టుకున్న ఇద్దరు కండల వీరులు, ఒక రేసు కారు.

90లలో, 2000 మొదట్లో మన ఇళ్లలో టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్‌లు చాలావరకు నింటెండో ఫామికామ్‌కి నకళ్లు. ఫామికామ్ జపాన్‌లో 1983 జులై 15న అమ్మకానికి వచ్చింది. దాని 60 పిన్నుల స్లాటునే నకళ్లూ పెట్టుకున్నాయి. వాటితో వచ్చే ఇలాంటి క్యాసెట్లలో మెనూ ఎంత కిందికి దించినా పేర్లు అయిపోవు, ఆటలు మాత్రం గుప్పెడే. ఒకే మారియో మొదటి లెవెల్ నుంచి మొదలైతే ఒక పేరు, మూడో లెవెల్ నుంచి మొదలైతే ఇంకో పేరు. లేబుల్ మీది బొమ్మకీ లోపలి ఆటకీ పొంతన ఉండేది కాదు. ఆ ఆటలు ఎవరు రాశారు, ఆ పాటలు ఎవరు కట్టారు అన్నది నేను చూసిన ఒక్క క్యాసెట్ మీదా లేదు.

ఇవాళ మేం చేస్తున్న క్యాసెట్‌లో ఒకటే ఆట. లేబుల్ మీద ఏం రాస్తామో అదే లోపల ఉంటుంది, ఎవరు చేశారో వాళ్ల పేరే ఉంటుంది. ఈ పని నాకు ఇష్టం కావడానికి అదే కారణం.

ఈ పసుపు క్యాసెట్‌లో చిప్పు ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి విప్పాం. బతికున్నదాన్ని, అందులోనూ అసలు జపాన్ క్యాసెట్‌ని, పెంకు కోసం పాడుచేయడానికి నాకు మనసొప్పదు. వాటిని మళ్లీ ఎవరూ తయారు చేయరు.

ఆట మావాడిదే. పేరు 'పతంగి'. రెండు డాబాలు, రెండు గాలిపటాలు, పైన అంతూ పొంతూ లేని ఆకాశం. ఇద్దరు ఆడాలి. 6502 అసెంబ్లీలో రాశాడు. ఫామికామ్‌లో ఉన్న ప్రాసెసర్‌కి వచ్చిన భాష అదే. ల్యాప్‌టాప్‌లో, పాత సెట్టుని అనుకరించే ఎమ్యులేటర్ మీద, ఎన్నాళ్ల నుంచో ఆడుతూనే ఉంది.

"ఎమ్యులేటర్‌లో ఆడితే చాలదేంట్రా?" అని వాళ్లమ్మ అడిగింది ఇందాక, టీ ఇచ్చి వెళ్తూ.

"చేతిలో పట్టుకోవాలి కదమ్మా" అన్నాడు.

ఇప్పుడు ఆ ఫైలు తెరిచాడు. మొత్తం 40,976 బైట్లు. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే గుడ్‌మార్నింగ్ ఫొటో కన్నా చిన్నది. హెక్స్ ఎడిటర్‌లో మొదటి వరస చూడండి: 4ఈ, 45, 53, 1ఏ. మొదటి మూడూ ఎన్, ఈ, ఎస్ అనే అక్షరాలు. ఎమ్యులేటర్ కోసం ముందు పెట్టిన 16 బైట్ల చీటీ ఇది. ప్రోగ్రామ్ ఎంత, బొమ్మలు ఎంత, బోర్డు ఏ రకం అని దానికి చెబుతుంది. నిజమైన క్యాసెట్‌లో ఆ సంగతి బోర్డే చెబుతుంది కాబట్టి చీటీతో పనిలేదు. వాడు ఆ 16 బైట్లు కోసేశాడు. మిగిలిన 40,960లో మొదటి 32,768 ఒక ఫైలుగా, చివరి 8,192 ఇంకో ఫైలుగా విడదీశాడు.

రెండు ముక్కలు ఎందుకంటే సెట్టులో చదివేవాళ్లు ఇద్దరు. ప్రాసెసర్ ఒకటి, టీవీ మీద బొమ్మ గీసే పీపీయూ ఒకటి. ప్రాసెసర్ ప్రోగ్రామ్ చదువుకుంటుంది, పీపీయూ బొమ్మలు చదువుకుంటుంది. ఒకరి దారిలోకి ఒకరు రారు. అందుకే అన్ని పిన్నులు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ కూడా సరిగ్గా ఈ కొలతే, 32 కిలోబైట్లు, 8 కిలోబైట్లు. జర్మనీకి చెందిన మోర్ఫ్‌క్యాట్ గేమ్స్ వాళ్లు 2019లో 'మైక్రో మేజెస్' అనే కొత్త ఆటని ఇదే 40 కిలోబైట్లలో నలుగురు ఆడేలా ఇమిడ్చి నిజమైన క్యాసెట్ల మీద తెచ్చారు. చాలదేమో అన్న భయం మావాడికి పోయింది దాన్ని చూసే.

బొమ్మల ఫైలులో 8 × 8 చుక్కల గళ్లు 512 పడతాయి. గాలిపటాలు, డాబాలు, మేఘాలు, అంకెలు అన్నీ అందులోంచే రావాలి. తెలుగు అక్షరాలు కూడా. ఇంగ్లీషు అక్షరం ఒక గడిలో కూర్చుంటుంది. మన అక్షరం కూర్చోదు. టైటిల్‌లో 'ప'కి తొమ్మిది గళ్లు ఇచ్చాడు, అంటే 24 × 24 చుక్కలు. తలకట్టు ఒక చుక్క మందం పెడితే పాత టీవీలో కరిగిపోయింది. రెండు చుక్కలు పెడితే కింది వంపు పూడుకుపోయింది. చివరికి తలకట్టు కుడివైపు రెండు చుక్కలు, ఎడమవైపు ఒకటి పెట్టాడు. స్క్రీన్ మీద చూస్తే ఆ తేడా కనిపించదు, అక్షరం మాత్రం కుదురుగా ఉంది.

ఇక చిప్పులు. ఇవిగో, కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. డ్రాయరు అడుగు నుంచి తీసి ఇస్తూ "ఇవి ఇప్పుడెవరు అడుగుతున్నారు భయ్యా?" అన్నాడు షాపాయన. 27సి256 ఈప్రామ్‌లు. వీపు మీద గుండ్రటి క్వార్ట్జ్ కిటికీ ఉంది చూశారా? వెలుతురుకి పట్టి చూస్తే లోపల సిలికాన్ ముక్క, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని తీగలు. పాత బోర్డుల నుంచి ఊడదీసిన సరుకు కాబట్టి ఎవరిదో ప్రోగ్రామ్ ఇంకా లోపలే ఉంటుంది. దాన్ని చెరపాలి.

ఆ చిన్న డబ్బాలో 254 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ దీపం ఉంది. చిప్పులు సొరుగులో పెట్టి మూసి పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేస్తే చాలు. దీపం వైపు మాత్రం చూడకండి, కళ్లు పోతాయి. చెరిగిన చిప్పులో ప్రతి బిట్టూ 1 అవుతుంది. చిప్పుల్ని చదివి రాసే ప్రోగ్రామర్ అనే పరికరంలో పెట్టి చదివితే వరసంతా ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్ అనే ఉండాలి. ఉంది. రాయడమంటే ఇందులో కావలసిన చోట 1ని 0 చేయడమే. అందుకు సుమారు 12.5 వోల్టులు కావాలి. ఆడేటప్పుడు 5 వోల్టులే కాబట్టి రాసింది చెక్కుచెదరదు.

ప్రోగ్రామ్ ఫైలు 32 కిలోబైట్ల చిప్పులో అంచుల దాకా సరిపోయింది. బొమ్మలకి 8 కిలోబైట్ల చిప్పు దొరకలేదు. అందుకని అదే 32 కిలోబైట్ల చిప్పు తీసుకుని, 8 కిలోబైట్ల ఫైలునే నాలుగుసార్లు వరసగా రాశాం. పై అడ్రసు పిన్నుల్ని బోర్డు ఎటు కట్టినా పీపీయూకి అవే బొమ్మలు దొరుకుతాయి.

వెరిఫై కొట్టాడు. పచ్చరంగు. కిటికీ మీద వెలుతురు చొరని స్టిక్కర్ అతికించాం. ఎండ, ట్యూబ్‌లైటు పడుతూ ఉంటే చిప్పు మెల్లగా చెరిగిపోతుంది. ఆ స్టిక్కర్ మీద వాడు పెన్నుతో 'పతంగి 1.0, ప్రోగ్రామ్' అని, రెండోదాని మీద 'పతంగి 1.0, బొమ్మలు' అని రాశాడు. పెంకు మూశాక ఇవి ఎవరికీ కనబడవు. ఎప్పుడో ఎవరో రిపేరుకి విప్పినప్పుడు వాళ్లకి తెలియాలి.

బోర్డు ఇటివ్వు. ఇది మేం గీసి చేయించుకున్నది. మామూలు బోర్డు మందం 1.6 మిల్లీమీటర్లు. దాన్ని స్లాటులో కుక్కితే సెట్టులోని పిన్నులు వదులైపోతాయి. అందుకే 1.2 అడిగాం. అంచున బంగారు పూత పట్టీలు ఒక్కోవైపు 30, ఒకదాని నుంచి ఒకటి 2.54 మిల్లీమీటర్ల దూరంలో. అంచు ఏటవాలుగా అరగదీయించాం, దించేటప్పుడు పిన్నుల్ని గీరకుండా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అరుదైన పాత ఆటల నకళ్లు చేసి, అచ్చం అసలు లేబుల్ అతికించి, అసలువే అని అమ్మేవాళ్లు ఉన్నారు. వాటిలో చాలావాటిలో 3.3 వోల్టుల ఫ్లాష్ చిప్పుని మధ్యలో ఏ సర్దుబాటూ లేకుండా 5 వోల్టులకి తగిలిస్తారు. ఆట నడుస్తుంది. కానీ చిప్పుకీ సెట్టుకీ రెంటికీ అది మంచిది కాదు. కొన్నవాడికి పైన చూస్తే తెలియదు, ఆడి చూసినా తెలియదు. చిన్నప్పుడు మమ్మల్ని మోసం చేసిన క్యాసెట్ల కన్నా ఇది పెద్ద మోసం అంటాను.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది. చిప్పు మీది గాటు, బోర్డు మీది గాటు ఒకేవైపు ఉన్నాయో లేదో చూసుకున్నాడు. సాకెట్ పెడితే ఎత్తు ఎక్కువై పెంకు మూసుకోదు, కాబట్టి చిప్పునే నేరుగా అతకాలి. ముందు ఎదురెదురు మూలల్లో రెండు కాళ్లు. చిప్పు బోర్డుకి ఆనిందో లేదో చూసి, తర్వాత మిగతావి. లెడ్ కరగగానే కాలు చుట్టూ మెరుస్తూ పాకి, కొనదేలి ఆగుతుంది. అది మంచి అతుకు. ఉండలా నిలబడితే పట్టలేదన్నమాట. ఒక్కో చిప్పు పక్కన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి. ఫ్లక్స్ వాసన ముక్కుకి తగులుతోంది కదా, ఫ్యాన్ ఇంకొంచెం దగ్గరికి జరపండి.

"మామయ్యా, ఇక్కడ ఏ10 కలపాలా, ఏ11 కలపాలా?"

బోర్డు మూలన రెండు జతల చిన్న పలకలు. ఏదో ఒక జతనే లెడ్ బొట్టుతో కలపాలి. సెట్టులో రెండు స్క్రీన్‌లకి సరిపడా జ్ఞాపకం మాత్రమే ఉంది. ఆ రెంటినీ పక్కపక్కన పరచాలా, ఒకదాని మీద ఒకటి పేర్చాలా అన్నది క్యాసెట్ నిర్ణయిస్తుంది. మారియో పక్కకి పరిగెత్తుతాడు, అతనికి పక్కపక్కన కావాలి, ఏ10. పతంగి పైకి లేస్తుంది.

"మనది ఎటు పోతుంది?"

"పైకి."

"అయితే?"

"ఏ11" అన్నాడు, అనేలోపే బొట్టు పెట్టేశాడు. తప్పు జత కలిపితే గాలిపటం పైకి పోతుంటే కొత్త ఆకాశం రావలసిన చోట కింది డాబాలే మళ్లీ వస్తాయి.

ఇంకో చిన్న అతుకు ఉంది, నాకు ఈ బోర్డు మొత్తంలో ఇష్టమైనది. ఫామికామ్‌లో శబ్దం తిన్నగా టీవీకి పోదు. 45వ పిన్ను దగ్గర క్యాసెట్‌లోకి వచ్చి 46వ పిన్ను గుండా వెనక్కి వెళుతుంది. ఆ రెంటినీ క్యాసెట్ కలపకపోతే ఆట మూగదవుతుంది. కొన్ని నకలు సెట్లకి ఇది అక్కర్లేదు, అసలు సెట్టులో పెడితే మాత్రం కావాల్సిందే. ఈ దారి ఉండబట్టే క్యాసెట్‌లో అదనపు సౌండ్ చిప్పు పెట్టి దాని గొంతునీ కలపడం కుదిరింది. కొనామీ కంపెనీ 1989లో 'అకుమాజో దెన్సెత్సు' అనే ఆట కోసం వీఆర్‌సీ6 అనే చిప్పుతో మూడు గొంతులు అలాగే కలిపింది. మనకి అంత అక్కర్లేదు. ఒక తీగముక్క చాలు.

పెంకు మూయకుండానే బోర్డుని సెట్టులో దించాడు. స్విచ్ వేశాడు.

పాట వచ్చింది. స్క్రీన్ నిండా మాత్రం చిందరవందర, ఆకాశం ఉండాల్సిన చోట అంకెల ముక్కలు, గాలిపటం తోక మధ్యలో డాబా పిట్టగోడ. బటన్ నొక్కితే ఆ చెత్తంతా కలిసి కదులుతోంది. భయపడాల్సిందేమీ లేదు. పాట వచ్చింది, బటన్‌కి పలుకుతోంది అంటే ప్రాసెసర్ వైపు అంతా బాగుంది. తప్పు బొమ్మల చిప్పు దగ్గరే. మావాడు మీటర్ తీసుకుని ఒక్కో కాలినీ దాని పట్టీ దాకా చూసుకుంటూ వెళ్లాడు. బీప్, బీప్, బీప్. ఒకచోట బీప్ రాలేదు. అడ్రసు కాలు ఒకటి, పైకి అతికినట్టే ఉంది, కింద పట్టలేదు. ఐరన్ ఆనించి ఒక్క క్షణం. మళ్లీ స్విచ్.

నీలం ఆకాశం. మధ్యలో 'పతంగి'. టీవీలో మూడక్షరాలూ కుదురుగా నిలబడ్డాయి. రెండో కంట్రోలర్ నాకిచ్చి, నా మాంజా తెంపడానికి వాడికి ఎంతోసేపు పట్టలేదు.

లేబుల్ పని మిగిలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు మీది ఫ్లక్స్ తుడిచేసి పెంకు దగ్గరికొద్దాం. పాత లేబుల్‌ని గోకకండి. హెయిర్ డ్రయర్ వేడి పట్టి, ఒక మూల లేపి, నిదానంగా పడుకోబెట్టి లాగితే గమ్ముతో సహా వస్తుంది. వీరులు, కారు, తొమ్మిదుల వరస, అన్నీ చుట్టుకుపోయి చెత్తబుట్టలో పడ్డాయి. కింద పెంకులో లోతు తక్కువ పల్లం ఒకటి బయటపడింది, లేబుల్ కూర్చునే చోటు. దాన్ని వెర్నియర్‌తో కొలవాలి. ఎక్కడో చూసిన కొలతలు పనికిరావు, పెంకు పెంకుకీ తేడా. నాంకో, కొనామీ లాంటి కంపెనీలు ఫామికామ్ రోజుల్లో సొంత అచ్చుల్లో క్యాసెట్లు పోసుకున్నాయి. ఐరెమ్ మొదటి క్యాసెట్లలో అయితే కరెంటు వస్తే వెలిగే ఎర్ర ఎల్ఈడీ కూడా ఉండేది.

 లేబుల్ అంటే గుర్తొచ్చింది, టోక్యోలో కిచిజోజి అనే పేటలోని మీటియోర్ అనే షాపులో 2005లో 'మై ఫామికేస్ ఎగ్జిబిషన్' మొదలైంది. నిజానికి లేని ఆట ఒకటి చిత్రకారులు ఊహించుకుని దానికి లేబుల్ గీస్తారు, ఆ ఆట ఎలా ఉంటుందో నాలుగు ముక్కలు రాస్తారు. ఆ లేబుళ్లని నిజమైన క్యాసెట్ల మీద అతికించి వరసగా పెడతారు. తర్వాత్తర్వాత ఆటలు రాసేవాళ్లు వాటిలో నచ్చిన లేబుల్ తీసుకుని, దాని మీద ఉన్న ఆటని నిజంగా తయారు చేయడం మొదలుపెట్టారు. అరచేయంత కాగితం మీద గీసిన బొమ్మ అంత పని చేయించింది. లేబుల్‌ని చివర్లో చేసే అలంకారంలా చూడొద్దని మావాడితో నేననేది అందుకే.

వాడు కోరల్‌డ్రాలో వేసుకున్నది చూడండి. కింద రెండు డాబాలు, పై మూల నుంచి కింది మూలకి ఎర్ర గాలిపటం, పొడుగాటి తోక. 'పతంగి' పెద్దగా. 'ఒక ఆట. ఇద్దరు ఆడాలి' అని కింద. నింటెండో ముద్ర లేదు, ఉండకూడదు. ఇది వాళ్లు చూసి ఒప్పుకున్న ఆట కాదు. మూలలు పల్లం మూలలకి తగ్గట్టు గుండ్రం. నాలుగువైపులా 2 మిల్లీమీటర్లు బ్లీడ్, కత్తి కాస్త అటూ ఇటూ అయినా తెల్ల అంచు బయటపడకుండా.

పదండి, వీధి చివర రేడియం స్టిక్కర్ల షాపుకి. ముందు బండి నంబర్ ప్లేట్లు, దేవుడి బొమ్మలు, ఆటోల వెనక అద్దాలకి అతికించే పేర్లు. లోపల వినైల్ ప్రింటరు, దాని పక్కన కటింగ్ ప్లాటర్. షాపన్న పెన్‌డ్రైవ్ తీసుకుని ఫైలు తెరిచి, మొదటి చూపులోనే అన్నాడు.

"తమ్ముడూ, ఈ నీలం ఊదా వస్తది. మెజెంటా తగ్గించు."

తగ్గించారు. వినైల్ మీద అచ్చు పడింది, పైన గ్లాసీ లామినేషన్ వెళ్లింది, ప్లాటర్ బ్లేడు హాఫ్ కట్ వేసింది. అంటే స్టిక్కర్ మాత్రమే తెగి కింది కాగితం తెగదు. మావాడు షీటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"అన్నా, ఇది అతికించలేం."

"ఏమైంది? కలర్ మంచిగనే వచ్చింది గదా."

"కలర్ కాదన్నా. పేరు మిగిలిపోయింది. పాట నేను కట్టలేదు, మా క్లాస్‌మేట్ కట్టింది."

"గింత సన్న అక్షరాలు ఎవరు సదువుతరు తమ్ముడూ?"

"తను చదువుకుంటది."

షాపన్న ఇంకేమీ అనలేదు. మౌస్ వాడి వైపు జరిపాడు. ఉన్న చోటు తక్కువ. గాలిపటం తోక సగానికి కోస్తే కింద ఒక వరస ఖాళీ అయింది. అందులో 'ఆట' అని వాడి పేరు, 'సంగీతం' అని ఆ అమ్మాయి పేరు టైప్ చేశాడు. పక్కనుంచి అన్న వేలు చూపించాడు. "అయిదు పాయింట్ల కిందికి పోకు, ఒత్తులు పూడిపోతయ్." 'సంగీతం' అన్న మాట పట్టడానికి తోక ఇంకొంచెం కురచ చేశారు.

రెండో షీటు షాపు కౌంటరు మీదే అతికించాడు, ఇంటిదాకా ఆగలేక. కింది కాగితాన్ని పై అంచున వేలెడు వెడల్పు మడిచి, ఆ గమ్ము భాగాన్ని పల్లం పై గీతకి సరిచూసి ఆనించాడు. తర్వాత పాత ఏటీఎం కార్డుతో పైనుంచి కిందికి నొక్కుతూ కాగితాన్ని కొద్దికొద్దిగా లాగాడు. ఒక్క గాలి బుడగ నిలవలేదు. షీటులో మిగిలిన లేబుళ్లలో ఒకటి విడిగా కవరులో పెట్టించుకున్నాడు, ఆమె క్యాసెట్‌కి. దానికి బోర్డు సిద్ధంగానే ఉంది, చిప్పులు ఇంకా చెరపాలి.